‘ఇక్కడ అందరికీ వస్తుందిలే’ అంటే సరిపోదు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నరసరావుపేట. మా ఆయన ఏడు నెలలుగా ఉగాండాలో, కంపాలాలో ఒక హార్డ్‌వేర్ కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నారు. డిసెంబర్ 10న నేనూ మా ఐదేళ్ల పాపా వెళ్తున్నాం. జనవరి 12న ముగ్గురం బయల్దేరి సంక్రాంతికి ఇంటికొస్తాం. మలేరియా రాకుండా మాత్రలు తెచ్చుకోనా అంటే ఆయన నవ్వేస్తున్నారు. ‘ఇక్కడ మనవాళ్లందరికీ వస్తుందిలే, క్లినిక్‌కి వెళ్తే మూడు రోజులకి మాత్రలిస్తారు, పోతుంది, నాకే రెండుసార్లు వచ్చింది’ అంటారు. మా అత్తగారు హోమియో మందు తీసుకెళ్లమంటున్నారు. ట్రావెల్ ఏజెంట్ ఎల్లో ఫీవర్ కార్డు టీకా లేకుండానే ఇప్పిస్తానంటున్నాడు. పోయిన ఏడాది పాపకి డెంగ్యూ వచ్చి నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉన్నాం, అప్పట్నుంచి దోమ కనిపిస్తేనే నాకు టెన్షన్. మనం దోమల్లోనే పుట్టి పెరిగాం కదా, నిజంగా అంత భయపడాలా?

జవాబు:

అమ్మా, మాత్రలు తీసుకెళ్లండి. మీకూ, పాపకీ కూడా. ఎందుకో కాస్త వివరంగానే చెప్తాను, ఎందుకంటే ఈ మాట మీరు మళ్లీ మీ ఆయనకి చెప్పాలి, ఆయన నవ్వేస్తే చెప్పడానికి మీ దగ్గర కారణాలుండాలి.

దోమల్లో పుట్టి పెరిగాం అన్న మాట నా దగ్గరికొచ్చే ప్రతి పదిమందిలో ఎనిమిది మంది అంటారు. దోమకాటు మనకి అలవాటే, దద్దుర్లు కూడా రావు. కానీ కాటు అలవాటైతే జబ్బు అలవాటైనట్టు కాదు. మలేరియాని కొంత తట్టుకునే శక్తి ఒంటికి వస్తుంది, నిజమే, అది ఎవరికొస్తుందంటే ఆ ప్రాంతంలోనే పుట్టి, పాలు తాగే వయసు నుంచే ఆ జ్వరం మళ్లీ మళ్లీ వచ్చి, దాన్ని దాటి బతికినవాళ్లకి. ఆ దాటడం ఎంత కష్టమో లెక్క చూడండి: 2023లో ప్రపంచం మొత్తం మీద మలేరియాతో సుమారు 5 లక్షల 97 వేల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. అందులో 95 శాతం ఆఫ్రికాలోనే. అక్కడ పోయినవాళ్లలో నలుగురిలో ముగ్గురు ఐదేళ్లలోపు పిల్లలు. అంత కష్టపడి వచ్చిన శక్తి కూడా ఊరు వదిలి వేరే దేశంలో కొన్నేళ్లుంటే తగ్గిపోతుంది. ఇంగ్లండ్‌లో, అమెరికాలో మలేరియాతో ఆస్పత్రికొచ్చేవాళ్లలో ఎక్కువమంది అడవుల్లో తిరగడానికి వెళ్లిన టూరిస్టులు కాదమ్మా, సెలవులకి సొంత ఊరికి, చుట్టాలింటికి వెళ్లొచ్చినవాళ్లు. మన ఊరే కదా, మనకేమవుతుంది అనుకుని మాత్రలు వేసుకోకుండా వెళ్లినవాళ్లు. మరి నరసరావుపేటలో పెరిగిన మీకు ఉగాండా మలేరియాని తట్టుకునే శక్తి అసలు మొదట్నుంచీ లేదు. పాపకి అంతకన్నా లేదు.

ఇంకో విషయం, మలేరియా అంటే ఒకటే జబ్బు అనుకుంటాం. మన మైదాన ప్రాంతాల్లో పెద్దవాళ్లు చెప్పుకునే చలిజ్వరం ఎక్కువగా వైవాక్స్ రకం. దుప్పట్లు నాలుగు కప్పినా ఆగని వణుకు, ఆ తర్వాత చెమటలు, రోజు విడిచి రోజు జ్వరం, మనిషి నీరసించిపోతాడు కానీ ప్రాణం మీదకి రావడం తక్కువ. పాడేరు, రంపచోడవరం లాంటి ఏజెన్సీ ఊళ్లవాళ్లకి రెండో రకం కూడా బాగా తెలుసు, ఫాల్సిపేరమ్. ఉగాండాలో కనిపించేది దాదాపుగా ఈ రెండోదే. ఇది పట్టిన ఎర్ర రక్తకణాలు సన్నటి రక్తనాళాల గోడలకి అతుక్కుపోతాయి. మెదడులో అతుక్కుంటే మనిషి స్పృహ తప్పుతాడు, కిడ్నీల్లో అయితే మూత్రం ఆగిపోతుంది. పొద్దున కాఫీ తాగి, కాస్త ఒళ్లు వెచ్చగా ఉంది అన్న మనిషి మర్నాడు రాత్రికి ఐసీయూలో ఉండటం నేను చూశాను. మీ ఆయన అంటున్న ‘అందరికీ వచ్చే మలేరియా’ ఇదే.

కంపాలా ఎత్తు మీద ఉంది, చల్లగా ఉంటుంది, సిటీలో దోమలు తక్కువ అని కూడా ఆయన అనొచ్చు. సుమారు 1,200 మీటర్ల ఎత్తు, వాతావరణం హాయిగానే ఉంటుంది, పల్లెలతో పోలిస్తే నగరం నడిమధ్యలో ముప్పు కొంత తక్కువ అన్నదీ నిజమే. కానీ ఉగాండాలో మలేరియా లేని జిల్లా అంటూ లేదు, లేని నెల అంటూ లేదు. పైగా మీరు నెల రోజులు ఇంట్లోనే కూర్చోరు కదా. జింజాలో నైలు నది మొదలయ్యే చోటు చూద్దామంటారు, పాప ఏనుగుల్ని చూడాలంటుంది, ఆ వైపు లాడ్జిలో ఒక రాత్రి ఉంటారు. ఒక్క కాటు చాలు.

ఆయనకి రెండుసార్లు వచ్చింది అన్నారు. ఆ రెండుసార్లూ రక్తపరీక్ష చేసి చెప్పారా, లేక జ్వరం అనగానే మాత్రలిచ్చారా అని అడగండి. వేలి మీద చుక్క రక్తం తీసి చేసే కిట్ టెస్టు ఉంటుంది, మంచిదే, కానీ అందులో ఎక్కువ రకాలు మందు వాడి జబ్బు తగ్గాక కూడా కొన్ని వారాల పాటు పాజిటివ్ చూపిస్తాయి. అంటే మొదటిది నిజమైన మలేరియా అయి, రెండోది టైఫాయిడో ఇంకేదో అయ్యుండి, పాత గీతని చూసి మళ్లీ మలేరియా మందే ఇచ్చి ఉండొచ్చు. అలాగే ఆ మూడు రోజుల మాత్రలు, ఆర్టిమెథర్, ల్యూమెఫాంట్రిన్ కలిపినవి, మొత్తం ఆరు డోసులు. రెండో రోజుకే జ్వరం దిగిందని మిగతావి సొరుగులో పెట్టేసేవాళ్లు చాలామంది. కాస్త నెయ్యో పాలో ఉన్న తిండితో వేసుకుంటేనే ఆ మందు ఒంటికి సరిగ్గా పడుతుంది, జ్వరం కదా అని ఖాళీ కడుపున నీళ్లతో మింగితే సగం వృథా. ఇవన్నీ ఆయన చేశారో లేదో మీకు తెలియాలి. రెండుసార్లు తట్టుకున్నాను కాబట్టి మూడోసారీ తట్టుకుంటాను అన్న లెక్క మాత్రం ఈ జబ్బు దగ్గర చెల్లదు.

ఇక మాత్రల సంగతి. పాత మలేరియా మందు క్లోరోక్విన్ అనకండి, ఆఫ్రికా ఫాల్సిపేరమ్ దానికి లొంగడం మానేసి చాలా ఏళ్లయింది. మీకు పనికొచ్చేవి మూడు. ఒకటి అటోవాక్వోన్, ప్రోగువానిల్ కలిసిన మాత్ర: వెళ్లడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడ ఉన్నన్ని రోజులూ రోజుకోసారి భోజనంతో వేసుకుని, అక్కడ్నుంచి బయల్దేరాక ఇంకో ఏడు రోజులు వాడాలి. మీ తేదీల ప్రకారం డిసెంబర్ 8 నుంచి జనవరి 19 దాకా, 43 రోజులు. ఖరీదు ఎక్కువే, మన దగ్గర ప్రతి మెడికల్ షాపులోనూ ఉండదు, ముందే చెప్పి తెప్పించుకోవాలి. పిల్లలకి బరువుని బట్టి డోసు ఉంటుంది. మీ ఇద్దరికీ నేను మొదట చూసేది ఇదే. రెండోది డాక్సీసైక్లిన్, చవక, కానీ ఎనిమిదేళ్లలోపు పిల్లలకి ఇవ్వం, కాబట్టి పాపకి కుదరదు. పెద్దవాళ్లు నిండు గ్లాసు నీళ్లతో మింగి వెంటనే పడుకోకుండా ఉండాలి, లేకపోతే గొంతు కింద పుండు పడుతుంది, ఎండకి ఒళ్లు మండుతుంది, తిరిగొచ్చాక నాలుగు వారాలు వాడాలి. మూడోది మెఫ్లోక్విన్, వారానికొక్కటే, పిల్లలకీ ఇవ్వొచ్చు, వెళ్లడానికి రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టాలి, ఇదీ వచ్చాక నాలుగు వారాలు. కానీ కొందరికి పీడకలలు, దిగులు, కంగారు తెప్పిస్తుంది, మూర్ఛ గానీ డిప్రెషన్ గానీ ఉన్నవాళ్లకి ఇవ్వకూడదు. దోమంటేనే టెన్షన్ అని మీరు రాశారు కాబట్టి మీకు నేను దీని జోలికి వెళ్లను. ఏదైనా సరే మీ డాక్టర్ మిమ్మల్నీ పాపనీ చూసి, పాపని తూకం వేసి రాయాలి, ఈ జవాబు చూపించి షాపులో కొనకండి.

చాలామంది చేసే తప్పు, ఇంటికి రాగానే మాత్రలు ఆపేయడం. సంక్రాంతి హడావుడి, అరిసెలు, చుట్టాలు, ఎక్కడ గుర్తుంటుంది. కానీ చివరి రోజు ఎంటెబ్బే ఎయిర్‌పోర్టుకి వెళ్లే దారిలో కుట్టిన దోమ వదిలిన క్రిమి అప్పటికి లివర్‌లో ఉంటుంది, రక్తంలోకి రావడానికి దానికి కనీసం వారం పడుతుంది. ఆ వారం కోసమే ఆ ఏడు మాత్రలు. ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

అత్తగారి హోమియో మందు గురించి. పెద్దావిడ ప్రేమతో చెప్పారు, మాట తీసేయొద్దు, కావాలంటే సంచిలో పెట్టుకోండి. కానీ మలేరియా రాకుండా ఆ మందు ఆపదు. దాన్ని నమ్ముకుని అసలు మాత్రలు మానేసి, తిరిగొచ్చాక ఆస్పత్రి పాలైనవాళ్ల గురించి విదేశాల వైద్య పత్రికల్లో వచ్చింది కూడా. ఇంకా బి-కాంప్లెక్స్ మాత్రలు, వెల్లుల్లి తినడం, చేతికి కట్టే దోమల బ్యాండులు, శబ్దంతో దోమల్ని తరిమే యాప్‌లు, వీటిలో ఏదీ మలేరియా నుంచి కాపాడదు. మలేరియా టీకా వచ్చిందట కదా అని ఎవరైనా అంటే, వచ్చింది, అందులో ఒకటి మన పుణెలోనే తయారవుతోంది, అది అక్కడే ఉండే పసిపిల్లలకి నాలుగు డోసులుగా వేసేది, నెల రోజులకి వెళ్లే మీకోసం చేసింది కాదు.

దోమతెర గురించి మాత్రం మీతో గట్టిగా చెప్పాలి, ఎందుకంటే తెర కట్టుకున్నాం అనే ఇళ్లలో నేను చూసిన తెరలు సగం అలంకారానికే. మలేరియా దోమ పొద్దుగూకాక బయల్దేరి తెల్లవారేదాకా కుడుతుంది, ఆఫ్రికాలో ముఖ్యంగా అర్ధరాత్రి దాటాక, అంటే మీరు ఒళ్లు తెలియకుండా నిద్రపోయే వేళ. మన ఇళ్లలో చెవి దగ్గర గీపెట్టే దోమలా చప్పుడు చేస్తుందని, తెలుస్తుందని అనుకోకండి. పురుగుమందు పట్టించిన తెర కొనండి, అది అక్కడ కంపాలాలోనే దొరుకుతుంది. చీకటి పడకముందే దించి, అంచుల్ని చుట్టూ పరుపు కిందకి తోసెయ్యాలి, నేల మీద వేలాడనివ్వకూడదు. పాపని లోపలికి పంపేముందు ఫోన్ లైటు వేసి నాలుగు మూలలూ, ముఖ్యంగా పైన ముడి పడే చోటా చూడండి, అక్కడే దాక్కుంటుంది. ఐదేళ్ల పిల్ల నిద్రలో గుండ్రంగా తిరుగుతుంది, పొద్దున్నకి కాలు తెరకి ఆనుకుని ఉంటుంది, దోమ బయట్నుంచే ఆ కాలిని కుడుతుంది. అందుకని ఆ వైపు ఒక దిండు అడ్డం పెట్టండి. ఎక్కడైనా చిరిగితే ఆ రాత్రే సూదీ దారం తియ్యండి. గాలి ఆడదు అంటారు, ఫ్యాన్ పెట్టుకోండి, ఫ్యాను గాలికి దోమ కుదురుగా వాలలేదు కూడా.

సాయంత్రం ఐదున్నర దాటితే మీకూ పాపకీ పొడుగు చేతులు, కాళ్లు కప్పే బట్టలు, లేత రంగువి. ఒంటికి రాసే దోమల క్రీము కొనేటప్పుడు డబ్బా మీద డీట్ గానీ పికారిడిన్ గానీ (దోమల్ని దూరంగా ఉంచే మందులివి) 20 శాతం ఉందా అని చూడండి. మన దగ్గర అలవాటైన చిన్న ట్యూబులు పనికిరానివని కాదు, అవి కొన్ని గంటలే పనిచేస్తాయి, రాత్రి ఏడింటికి రాసుకుని తెల్లారేదాకా నిశ్చింత అనుకోకూడదు. పాప అరచేతులకి రాయకండి, కళ్లు నలుపుకుంటుంది. పగలు ఎండ క్రీము కూడా రాస్తే ముందు అది, ఆరాక దీన్ని. మస్కిటో కాయిల్ ఉంటే వెలిగించండి, కానీ కాయిల్ ఉంది కదా అని తెర మానకండి.

దోమల క్రీము పగలు కూడా అని ఎందుకంటున్నానంటే, డెంగ్యూ, చికున్‌గున్యా మోసే ఏడిస్ దోమ, మనవాళ్లు టైగర్ దోమ అనేది, పగటిదే, పొద్దున్న ఎండెక్కే వేళా సాయంత్రం వెలుగుండగానూ ఎక్కువగా కుడుతుంది. పాపకి ఇప్పటికే ఒకసారి డెంగ్యూ వచ్చింది. డెంగ్యూ వైరస్‌లు నాలుగు రకాలు, ఒకసారి వచ్చిన రకం మళ్లీ రాదు గానీ, రెండోసారి వేరే రకం తగిలితే తీవ్రంగా మారే అవకాశం పెరుగుతుంది. ఇది కంపాలా గురించి మాత్రమే చెప్తున్నది కాదు. నరసరావుపేటలో మీ వీధిలో తొట్లలో, కూలర్లలో, పాత టైర్లలో నీళ్లు నిలిచి ఉన్నంత కాలం ఈ జాగ్రత్త ఇక్కడా ఉండాలి.

ఇప్పుడు ఎల్లో ఫీవర్ కార్డు, అంటే ఆ జ్వరానికి టీకా వేయించుకున్నారని ఇచ్చే పసుపు పుస్తకం. ఆ ఏజెంట్ మాట విని నాకు చాలా కోపం వచ్చింది. ఎందుకో చెప్పాలంటే నేను 2006 వేసవికి వెళ్లాలి. అప్పుడు కడప జిల్లాలో ఒక పీహెచ్‌సీలో పనిచేస్తున్నాను. ఊళ్లకి ఊళ్లు జ్వరంతో పడిపోయాయి. గోడ పట్టుకుని వంగి నడుచుకుంటూ వచ్చేవాళ్లు, పెళ్లాన్ని సైకిల్ మీద కూర్చోబెట్టి తోసుకుంటూ వచ్చేవాళ్లు. ఒకావిడ నీళ్ల చెంబుని వేళ్లతో పట్టుకోలేక రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని తాగడం ఇప్పటికీ నా కళ్ల ముందుంది. అది చికున్‌గున్యా. ఆ పేరు టాంజానియా దక్షిణాన ఉండే మకొండే జనం మాటల్లోది, నొప్పికి ఒంగిపోవడం అని అర్థం, 1952లో అక్కడే ఆ జబ్బుని మొదట గుర్తించారు. 2004లో కెన్యా తీరంలో లేచి, హిందూ మహాసముద్రంలోని దీవుల మీదుగా దాటుకుంటూ 2005 చివరికల్లా మన రాయలసీమ చేరింది. ఆ ఒక్క 2006లోనే దేశం మొత్తం మీద 13 లక్షలకి పైగా అనుమానిత కేసులు నమోదయ్యాయి. ఏదో ఒక మనిషి రక్తంలోనే అది సముద్రం దాటి ఉండాలి, ఇక్కడ మన టైగర్ దోమ దాన్ని అందుకుంది.

ఎల్లో ఫీవర్‌ని మోసేదీ ఆ దోమే. అది మన ప్రతి ఇంటి వెనకా ఉంది, వైరస్ మాత్రం ఇంకా మన దేశంలో లేదు. ఉగాండాలో ఉంది, 2016లో మసాకా వైపు లేచింది, ఆ తర్వాతా కనిపించింది. దానికి ప్రత్యేకమైన మందు లేదు. ఆ పసుపు పుస్తకం అడిగేది అందుకు, ఎయిర్‌పోర్టులో స్టాంపు చూపించి దాటిపోవడానికి కాదు. టీకా ఒక్కటే డోసు, 2016 జూలై నుంచి ఆ కార్డు జీవితాంతం చెల్లుతుంది. వేయించుకున్న పదో రోజు నుంచే చెల్లుబాటు, కాబట్టి మీరు నవంబర్ 30లోపు వేయించుకోవాలి, ఆఖరి రోజు దాకా ఆగకండి. ఉగాండాలో దిగేటప్పుడు అడుగుతారు, అక్కడ్నుంచి ఇండియా వచ్చేటప్పుడు కార్డు లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ మన రెండు రాష్ట్రాలవాళ్లకీ బాగా తెలిసిన చోటు. ఏ రోజుల్లో వేస్తారో ముందే కనుక్కుని, అసలు పాస్‌పోర్టులు తీసుకుని వెళ్లండి. కోడిగుడ్డు పడక ఒళ్లంతా వాచిపోయిన చరిత్ర ఎవరికైనా ఉంటే, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతుంటే, మీరు గర్భంతో ఉన్నా, ఆ అనుమానం ఉన్నా, సూది వేయకముందే చెప్పాలి. పాపకి ఈ మధ్య వేరే టీకాలేమైనా వేయించారా అన్నదీ చెప్పండి. గర్భం నిర్ధారణ అయితే మాత్రం ఈ ప్రయాణం వాయిదా వేసుకోండి, గర్భిణికి ఫాల్సిపేరమ్ వస్తే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం. కడుపులో బిడ్డకి హాని చేసే జికా వైరస్‌ని 1947లో మొదట కనిపెట్టింది కూడా ఎంటెబ్బే దగ్గర ఆ పేరున్న అడవిలోనే.

ఇంతవరకూ చెప్పినవన్నీ మీరు చేస్తారని నా నమ్మకం. నా అసలు భయం మీరు తిరిగొచ్చాక.

మూడేళ్ల కిందట ఒక అబ్బాయి, ముప్ఫై ఏళ్లుంటాయి, తూర్పు ఆఫ్రికాలో బోర్లు వేసే పని, చెల్లెలి పెళ్లికి వచ్చాడు. వచ్చిన తొమ్మిదో రోజు జ్వరం. పెళ్లి పనుల్లో అలసట అనుకున్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ సూది వేశాడు. మర్నాడు టౌన్లో ఒక ఆస్పత్రికి తీసుకెళ్తే రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు 42 వేలు. ఇంకేముంది, డెంగ్యూ అన్నారు. డెంగ్యూ టెస్టు నెగిటివ్ వచ్చింది, అయినా ‘డెంగ్యూ లాంటిదే’ అన్నారు. బొప్పాయి ఆకు రసం తాగించారు, ప్లేట్‌లెట్ల కోసం రక్తదాతలకి ఫోన్లు చేశారు, వాట్సాప్‌లో మెసేజ్‌లు పెట్టారు. నాలుగో రోజుకి కళ్లు పచ్చబడ్డాయి, కన్నతల్లిని చూసి ఎవరో పేరుతో పిలిచాడు. అప్పుడు నా దగ్గరికి తెచ్చారు. నేను ఫైలు చూస్తుంటే అతని భార్య, పక్కనే నిలబడి ఉంది, ‘ఆఫ్రికా నుంచి వచ్చి రెండు వారాలు కూడా కాలేదండీ’ అని ఏడ్చింది. ఆ ఫైల్లో పదిహేను కాగితాలున్నాయి, ఆ మాట ఒక్క కాగితంలోనూ లేదు.

అతని రక్తపు చుక్కతో స్లైడు నేనే వేసుకుని చూశాను. మైక్రోస్కోపు కింద లేత గులాబీ రంగు రక్తకణాలు, ఒక్కోదాంట్లో రాయి పొదిగిన ముక్కుపోగు లాంటి సన్నటి రింగు, కొన్నిట్లో రెండేసి. అవే మలేరియా క్రిములు, ఎటు జరిపినా అవే. ఆర్టిసునేట్ ఇంజెక్షన్ మొదలుపెట్టాం, ఆరు రోజులు ఐసీయూ, రెండుసార్లు డయాలసిస్, బతికాడు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే ఏమయ్యేదో నాకు తెలుసు, ఆ అమ్మాయికీ తెలుసు.

ఆ డాక్టర్లు చెడ్డవాళ్లని నేను అనను. మన ఊళ్లలో మలేరియా బాగా తగ్గిపోయింది, ప్లేట్‌లెట్లు తగ్గిన జ్వరం అంటే చేతికి ముందొచ్చే పేరు డెంగ్యూ. కానీ మలేరియాలోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి, చాలామందికి పడిపోతాయి. ఆ తేడా కాగితం మీద ఉన్న అంకెల్లో కనపడదు, ఎక్కడ్నుంచి వచ్చావు అన్న ప్రశ్నలోనే బయటపడుతుంది. ఆ ప్రశ్న వాళ్లు అడగకపోతే మీరే చెప్పాలి.

జనవరి 12 తర్వాత మీ ముగ్గురిలో ఎవరికి జ్వరం వచ్చినా, మాత్రలు సరిగ్గా వేసుకున్నా సరే, జలుబుతో వచ్చిందనిపించినా సరే, రేపు చూద్దాం అనకండి. ఆ రోజే వెళ్లండి. ఓపీలో కూర్చోగానే నోటి నుంచి వచ్చే మొదటి మాట ‘మేము ఉగాండా నుంచి వచ్చాం, మలేరియా స్లైడు చూడండి’ అని ఉండాలి. జ్వరం ఎన్ని రోజులు, దగ్గు ఉందా, ఇవన్నీ ఆ తర్వాత. ఒకసారి నెగిటివ్ వస్తే సరిపోదు, పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల తేడాతో ఇంకో రెండుసార్లు చూడాలి, అది కూడా మీరే గుర్తు చేయాలి. ఏప్రిల్ రెండో వారం దాకా, అంటే ఉగాది పచ్చడి తిన్నాక కూడా ఈ జాగ్రత్త ఉండాలి, ఫాల్సిపేరమ్ సాధారణంగా ఆ మూడు నెలల్లోనే బయటపడుతుంది. వేరే రకాలు లివర్‌లో దాక్కుని ఏడాది తర్వాతైనా లేవొచ్చు, కాబట్టి ఆ తర్వాత వచ్చే జ్వరానికి కూడా ఉగాండా పేరు చెప్పడం మానకండి. పరీక్షలు తేలేదాకా జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే. ఒళ్లునొప్పులని డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వేసుకోవద్దు, సూది వేయించుకోవద్దు, అది డెంగ్యూ అయితే రక్తస్రావం అవుతుంది. ఒకవేళ డెంగ్యూ అని తేలితే, జ్వరం దిగిన రోజు నుంచి రెండు రోజులు ఎక్కువ జాగ్రత్తగా చూడండి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా ఉండటం లేదా కాలుగాలిన పిల్లిలా తిరగడం, వీటిలో ఏది కనిపించినా మళ్లీ ఆస్పత్రికే. పోయిన ఏడాది పాప దగ్గర మీరు ఇదంతా చూసే ఉంటారు.

ఒక చిన్న కాగితం మీద మూడు ముక్కలు రాసి మీ పర్సులో ఒకటి, ఆయన పర్సులో ఒకటి పెట్టండి: ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉగాండాలో ఉన్నారు, ఏ మాత్ర వేసుకున్నారు, ఏ రోజు ఆపారు. మనిషికి మాట తడబడినా ఆ కాగితం చెప్తుంది. మీ అత్తగారికి కూడా ఒకటి ఇవ్వండి, మీ ఇద్దరికీ ఒకేసారి జ్వరం వస్తే ఆస్పత్రికి తీసుకెళ్లేది ఆవిడే కదా.

మీ ఆయన పండక్కి వచ్చినప్పుడు ఒకసారి నాతో గానీ మీ డాక్టర్‌తో గానీ కూర్చోమనండి. ఏళ్ల తరబడి అక్కడ ఉండాల్సిన మనిషికి రోజూ మాత్ర అనడం కష్టం, మార్చి నుంచి మే, సెప్టెంబర్ నుంచి నవంబర్ వాన నెలల్లో ఏం చేయాలి, మధ్యలో జ్వరం వస్తే ఎక్కడ పరీక్ష చేయించుకోవాలి అన్నది ఆయన పనిని, తిరిగే చోట్లని బట్టి మాట్లాడుకోవాలి. ఈలోగా ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు రెండు విషయాలు అడగండి. ఆ రెండుసార్ల జ్వరానికి సంబంధించిన రిపోర్టులు ఉంటే ఫోటో తీసి పంపమనండి. ఆయన గదిలో మంచం మీద దోమతెర ఉందా అని అడగండి, ఉంది అంటే వీడియో కాల్‌లో చూపించమనండి.